రాణి జుట్టులో మూడో పాయ

మస్తాన్ వలి దగ్గరికి పాత రూపాయి తెచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది దాన్ని ముందు రోజే చింతపండుతో తోమి తెచ్చేవాళ్ళు. తళతళలాడితే ఎక్కువ ధర వస్తుందని వాళ్ళ నమ్మకం. తోమడంతోనే సగం విలువ పోయిందని, నూట యాభై ఏళ్ళుగా వెండి మీద పట్టిన ఆ నలుపు మురికి కాదు, దాని వయసని ఆయన ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. ఈ మధ్య చెప్పడం కూడా మానేశాడు. నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని, కిటికీ వెలుతురులో ఒకసారి వంచి చూసి, "వెండి ధర వస్తాది. కంసలాయన దగ్గరికి తీసకపో" అనేవాడు.

"ఏమప్పా, ఫోన్లో ఐదు లక్షలన్నారే?"

"అయితే ఫోనుకే అమ్ముకో."

వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ధర్మవరంలో, రెండు పక్కల నుంచీ మగ్గాల చప్పుడు వినపడే ఒక సందులో, ఇంటి ముందరి చిన్న గది ఆయనది. ఒక చాప, నగల త్రాసు, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునే భూతద్దం, చీటీల పుస్తకం. అంతే సామాను. వయసు అరవై మూడు. ఆ ఎండలకు, ఆ ఫోన్ల జనానికి, పొద్దున లేస్తే ఎవరో ఒకరి ఆశ మీద నీళ్ళు చల్లే ఆ పనికి బాగా అలసిపోయాడు. ఇక చాలు, మానేద్దాం అని రోజూ అనుకునేవాడు. కానీ నాణెం రకమేదో, నిజమైందో కాదో తేల్చి ఆయన రాసిన చీటీ ఉంటేనే పాత రూపాయి కొనే సేకరణదారులు బళ్ళారిలో, హిందూపురంలో, బెంగళూరులో ఉన్నారు. "మస్తాన్ చూసినాడా?" అని అడిగి మరీ కొంటారు. ఆ ఒక్క మాట కోసం పొద్దున్నే స్నానం చేసి వచ్చి మళ్ళీ అదే చాప మీద కూర్చునేవాడు.

ఆయనకు ఈ విద్య బళ్ళో రాలేదు. వాళ్ళ నాయన పాత పట్టుచీరలు కొనేవాడు. సైకిల్ మీద ఊరూరూ తిరిగి చిరిగిన చీరలు తెచ్చి, కాల్చి, బూడిదలో మిగిలిన జరీ నుంచి వెండి తీసేవాడు. చీరలతో పాటు కాళ్ళ కడియాలు, దండల్లో గుచ్చిన రూపాయలు కూడా వచ్చేవి. అన్నీ ఒకే మూసలో కరిగేవి. మస్తాన్‌కు ఇరవై ఏళ్ళప్పుడు, రైల్వేలో గార్డుగా పనిచేసే ఒకాయన చీర అమ్మడానికి వచ్చి, కరిగించబోతున్న కుప్పలోంచి ఒక రూపాయి ఏరి, వెండి ధరకు పదింతలిచ్చి పట్టుకుపోయాడు. ఆ సాయంత్రం వాళ్ళ నాయన మూస పక్కనే కూర్చుండిపోయాడు. "ఎన్ని కరగబెట్టినామో" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత గార్డు వచ్చినప్పుడల్లా మస్తాన్ ఆయన పక్కన కూర్చుని చూడటం నేర్చుకున్నాడు.

నాణేలు నాలుగు రకాలని ఆయన లెక్క. ఎవరి చేతుల్లోనూ తిరగనిది కొత్తది. కొన్ని చేతులు మారింది వాడినది. ముక్కూ చెవీ గుర్తుపట్టేలా ఉంటే అరిగినది. ముఖమే తెలియకపోతే నున్నబడినది. కొత్తదాన్ని పట్టుకుని మెల్లగా వంచితే వెలుగు దాని మీద బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. తోమినదాని మీద తిరగదు. ఆయన ముందు చూసేది ఆ తిరుగుడే.

పోయిన మార్చిలో ఒక మధ్యాహ్నం, ఇరవై ఏడేళ్ళ అమ్మాయి ఒకతి గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చింది. పేరు అశ్విని. చీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీసే పని చేస్తుంది. చేతిలో చిన్న పట్టుగుడ్డ మూట.

"మా నాయన పేరు బయ్యన్న, మామా. మగ్గం నేస్తాండె. పోయినేడు పోయినాడు," అంది. "ఆయనకు రూపాయలు పోగు చేసే పిచ్చి. ఇంట్లో ఇంకా ముప్పై ఒకటి ఉండాయి. ఇది మొదట కొన్నది. ఇది ఏ రకమో చెప్పల్ల."

"అమ్మేదానికా?"

"తర్వాత అమ్ముతామేమో. ముందు నిజం తెలియల్ల. రెండు నెలల మగ్గం కూలి పోసి దీన్ని కొన్నాడంట. ఆ రెండు నెలలు మాయమ్మ ఇంటింటికీ పోయి బియ్యం అడుక్కొచ్చిందంట. ఇది దొంగది, నిన్ను మోసం చేసినారు అని మాయమ్మ ఇరవై రెండేండ్లు అన్నింది. కాదని మా నాయన. నేను పుట్టి బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఇంట్లో ఇదే కొట్లాట."

మస్తాన్ మూట విప్పాడు. విక్టోరియా రాణి రూపాయి, 1862. మీద నలుపు ఉంది. కిటికీ వైపు తిరిగి వంచాడు. వెలుగు తిరగలేదు, ఒకచోటే నిలబడిపోయింది. ఆయన భూతద్దం కంటికి తగిలించాడు. రాణి కిరీటం మీద ముత్యాలు అరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. బుగ్గ చదునైంది. కానీ చెవి మీదుగా వెనక్కి దువ్విన జుట్టు మాత్రం వెంట్రుక వెంట్రుకగా, నిన్న దువ్వినట్టుగా ఉంది. కిరీటం అరిగి జుట్టు అరగకపోవడం ఏ నాణేనికీ జరగదు. ఎవరో చెక్కారు. పై అంచు దగ్గర, దండకు గుచ్చే రింగు అతికించిన టంకాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తు సన్నగా కనిపించింది.

ఆ తర్వాత ఆయన చెవి పైన మూడో పాయ చూశాడు. చివర్లో అది పక్కకు జారి, రెండో పాయను దాటి పోయింది. ఉలి జారిన గీత.

ఆయన భూతద్దం తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని చూశాడు. అదే గీత.

2002, 2003 సంవత్సరాలు. వరసగా వానలు మొహం చాటేసిన కాలం. వేరుశనగ గింజ కూడా చేతికి రాలేదు. ఊళ్ళలో వెండి అంతా అమ్మకానికి వచ్చింది. అయితే కొనేవాడు లేడు. చీరల్లో వెండి జరీ తగ్గిపోయి, కాల్చినా బూడిద తప్ప ఏమీ రాని రోజులు. అప్పుడు హిందూపురం నుంచి తిప్పయ్య అనే మధ్యవర్తి వచ్చి, అరిగిన రూపాయలను ముందర పోసి, "నీ చెయ్యి సన్నం కదా మస్తానూ, ఈ రాణికి కొంచెం జుట్టు మొలిపించు" అన్నాడు. మస్తాన్ మొలిపించాడు. నగిషీ ఉలితో, భూతద్దం కింద, ఊపిరి బిగబట్టి. తర్వాత గంధకం పొగ పట్టించి నలుపు తెప్పించాడు. అలా ఏడు చేశాడు. రెండోదానికి మూడో పాయ దగ్గర ఉలి జారింది. "ఎవరు చూస్తారప్పా" అని తిప్పయ్య దాన్ని తీసుకుపోయాడు. ఏడోదాని తర్వాత మస్తాన్‌కు చెయ్యి ఆడలేదు. వానలు పడ్డా పడకపోయినా ఇక చేయనన్నాడు. ఆ సంగతి భార్య దాదాబీకి కూడా చెప్పలేదు. అప్పట్నుంచీ నాణెం చూడటంలో ఆయనంత కఠినమైన మనిషి ఇంకెవరూ లేరని పేరొచ్చింది. ఆ కాఠిన్యం ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

"ఏమి మామా, అట్ల చూస్తాండావు?" అంది అశ్విని.

మంచిదే పాపా, మీ నాయన చెప్పిందే నిజం అనేస్తే అయిపోతుంది. ఆ పిల్ల సంతోషంగా పోతుంది. కానీ ఆ అబద్ధానికి ఒక చీటీ రాయాలి. ఆ చీటీని పట్టుకుని రేపు ఎవరో వస్తారు. వాళ్ళకు ఇంకో అబద్ధం. ఇరవై రెండేళ్ళు మోసిన బరువు మీద ఇంకొంచెం పెట్టుకునే ఓపిక ఆయనకు లేకపోయింది.

"రూపాయి నిజమైందే పాపా," అన్నాడు. "రాణీ నిజమే. జుట్టు మాత్రం దొంగది. అరిగిపోయినదాని మీద చెక్కినారు. మీయమ్మ చెప్పిందే నిజం."

అశ్విని మొహం ముడుచుకుంది. "ఎవరు చెక్కినారో తెలుస్తాదా?"

"తెలుస్తాది. నేనే."

ఆ అమ్మాయి అర్థం కానట్టు చూసింది. ఆయన వేలు పెట్టి మూడో పాయ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా విన్నది. విని, నాణేన్ని గుడ్డలో చుట్టింది.

"మీ పేరు మా నాయన శానా సార్లు చెప్తాండె," అంది లేస్తూ. "మస్తాన్ చీటీ రాసినాడంటే దానికి తిరుగు లేదని. మరి దీన్ని మీ దగ్గరికి ఏంటికి తేలేదో అనుకుంటాంటి."

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు మస్తాన్ దాదాబీకి అంతా చెప్పాడు. దాదాబీ వంటింట్లో రొట్టె కాలుస్తోంది. పెనం మీద రొట్టె మాడేదాకా కదల్లేదు.

"ఆ రెండేండ్లు మన పిల్లోళ్ళకు ఏం పెట్టినానో ఇప్పుడు తెలిసింది నాకు," అంది చివరికి. మాడిన రొట్టెను పక్కకు తీసింది. "ఆ యమ్మ బతికే ఉండాది కదా? పో. పోయి నువ్వే చెప్పు. బిడ్డతో చెప్పించేది గాదు."

పోవడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. బయ్యన్న ఇల్లు ఊరికి ఆ చివర. భార్య నాగలక్ష్మమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లోపల గుంటమగ్గం ఖాళీగా ఉంది. మస్తాన్ పేరు చెప్పినా ఆమె రాట్నం ఆపలేదు.

"అశ్విని చెప్పిందిలే అన్నా. కూర్చో."

ఆయన కూర్చున్నాడు. "ఆ దుడ్లు ఇచ్చేస్తానమ్మా" అన్నాడు.

"ఎవరికిస్తావు? ఆయప్పకిస్తావా?"

ఆయన తల దించుకున్నాడు.

"ఇరవై రెండేండ్లు దొంగది, దొంగది అని పోరు పెట్టినా," అంది నాగలక్ష్మమ్మ. "నాకేమీ తెలిసి కాదు అన్నా. బియ్యం అడుక్కొచ్చిన కోపం అది. ఇప్పుడు నేనన్నదే నిజమని నువ్వొచ్చి చెప్తాండావు. నేను గెలిచినట్లే కదా. ఎవరితో చెప్పుకుందును?"

దారం తెగింది. ఆమె వేలితో ముడి వేసి మళ్ళీ తిప్పింది. కొంతసేపటికి, "నువ్వు గీసిన ఆ గీతలు తీసేయగలవా?" అని అడిగింది.

"తీస్తే ఇంకొంత వెండి పోతాదమ్మా. పాత జుట్టు మాత్రం రాదు."

"అట్లయితే ఉండనీలే." రాట్నం ఆపి లోపలికి పోయి, ఒక పాత టీపొడి డబ్బా, ఒక నోటుపుస్తకం తెచ్చి ఆయన ముందర పెట్టింది. "బళ్ళారి ఆయన ఒకరు ఇవన్నీ కొంటామంటాండారు. నీ చీటీ ఉండల్లంట. చేతనైతే కూర్చుని చూడు. ఈసారి నిజం రాయి."

ఆయన మూడు మధ్యాహ్నాలు ఆ వసారాలో కూర్చుని చూశాడు. ఒక్కొక్క రూపాయీ మగ్గం మీద మిగిలిన పట్టుముక్కలో చుట్టి ఉంది. ఒక్కటీ తోమలేదు. నోటుపుస్తకంలో బయ్యన్న ప్రతిదానికీ ఒక పేజీ పెట్టి, ఏడాది, ఎక్కడ కొన్నది, ఏ రకం అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. మస్తాన్ ముందు నాణెం చూసి మనసులో ఒక మాట అనుకుని, తర్వాత పేజీ తిప్పేవాడు. బయ్యన్న రాసింది అదే ఉండేది. కొన్నిచోట్ల ఆయన కంటే కఠినంగా ఉండేది. జార్జి రాజు రూపాయి ఒకటి మస్తాన్ కొత్తదే అనుకున్నాడు. బయ్యన్న "చెంప మీద ఒక రాపిడి, వాడినది" అని రాశాడు. మళ్ళీ చూస్తే రాపిడి ఉంది. ఒక పేజీ అంచున, ఎక్కడో చూసి వదిలేసిన ఇంకో రూపాయి గురించి "మీసం ఎవరో చెక్కినారు, కొనలేదు" అని కూడా రాసి ఉంది.

మస్తాన్ మొదటి పేజీకి తిప్పాడు. "1862. రాణి. కొత్తది." 2003లో రాసింది. దిద్దలేదు.

"ఇంత చూపున్న మనిషికి ఇది తెలియకుండా ఉండదమ్మా," అన్నాడు. "రెండు మూడేండ్లలోనే తెలిసిపోయింటాది."

నాగలక్ష్మమ్మ ఆలోచించింది. "మొదట్లో ఇంటికొచ్చినోళ్ళకంతా అదే చూపిస్తాండె. తర్వాత దాన్ని డబ్బా అడుక్కు వేసేసినాడు. దొంగల భయం అనుకుంటి." ఆమె పుస్తకం అందుకుని ఆ పేజీ చూసింది. ఆమెకు చదవడం వచ్చు. "దిద్దితే నేను చూస్తానని దిద్దలేదు. కాదా?"

ఆయన రాణి రూపాయిని మళ్ళీ పట్టుగుడ్డలో చుట్టాడు.

"చెప్పింటే నేనేమి నవ్వుతాంటినా?" అంది. మళ్ళీ తనే, "నవ్వుతాంటినేమోలే," అని పుస్తకం మూసి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ రోజు ఇక కండెలు చుట్టలేదు.

మస్తాన్ ముప్పై ఒక్క చీటీలు రాశాడు. ముప్పై రెండోది రాయడానికి కలం పట్టుకున్నాడు. ఆ నాణేన్ని అమ్మకుండా పక్కన పెడితే చీటీ అక్కర్లేదని అశ్విని అన్నది. "మీయమ్మ నిజం రాయమనింది పాపా" అని, చీటీ మీద ఇలా రాశాడు: 'రాణి రూపాయి, 1862. అరిగినది. జుట్టు తర్వాత చెక్కినారు. చెక్కినది ధర్మవరం మస్తాన్ వలి.' కింద ఎప్పటిలాగే సంతకం పెట్టాడు.

బళ్ళారి సేకరణదారు నెల తర్వాత కారులో వచ్చాడు. పెద్దమనిషి, తెల్లచొక్కా. చీటీలు చదువుకుంటూ పోయి చివరిదాని దగ్గర ఆగాడు. మస్తాన్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇదేంది మస్తానూ?"

"రాసినట్లే అన్నా."

"ఇట్లాంటివి నా దగ్గర ఎన్నుండాయి?"

"నా చీటీ ఉన్నవాటిల్లో ఒక్కటీ లేదు. నేను చెక్కినవి చీటీలు రాసేదానికి ముందువి. మొత్తం ఏడు."

"ఏడని నువ్వు చెప్తే నేను నమ్మల్ల. నమ్మల్ల కదా?" అన్నాడాయన. కోపంగా కాదు, విసుగ్గా. నాగలక్ష్మమ్మ దగ్గర ముప్పై ఒకటీ కొన్నాడు, బేరమాడకుండా కొన్నాడు. కొన్నది మాత్రం మస్తాన్ చీటీలు చూసి కాదు. తిరిగి బెంగళూరులో ఇంకొకరికి చూపించుకుంటానని ఆయన ముందే చెప్పి, చీటీలను వసారాలోనే వదిలేసి పోయాడు. నాగలక్ష్మమ్మ వాటిని ఏరి నోటుపుస్తకంలో పెట్టింది. రాణి రూపాయి ఆమె దగ్గరే ఉండిపోయింది.

మాట పాకింది. హిందూపురం నుంచి నాణేలు రావడం ఆగిపోయింది. బెంగళూరాయన ఫోన్ చేసి, పాత చీటీలన్నీ మళ్ళీ చూపించుకుంటున్నామని, అంతా అయ్యాక మాట్లాడతానని పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. చింతపండుతో తోమి తెచ్చేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు.

ఏప్రిల్ చివర్లో మస్తాన్ హిందూపురం పోయి తిప్పయ్యను వెతికాడు. తిప్పయ్య మంచం పట్టి ఉన్నాడు. ఏడింటిలో బయ్యన్నకు అమ్మింది కాక, ఇంకో రెండు ఎవరికిచ్చాడో గుర్తుంది. మిగిలిన నాలుగూ గుర్తులేవు. "ఇన్నేండ్లకు అవేంటికి తవ్వుతాండావప్పా, మన మొగాలకు ఇంక మన్నే కదా కావల్సింది" అన్నాడు. మస్తాన్ రెండు పేర్లూ చీటీ మీద రాసుకున్నాడు.

మొదటిది యాడికిలో. ధర్మవరం నుంచి అనంతపురం, అక్కడి నుంచి తాడిపత్రి, మళ్ళీ ఇంకో బస్సు. దారి పొడవునా బీళ్ళు. బస్సు కిటికీ ఇనుము చేతికి కాలుతోంది. రిటైరైన పంతులు ఒకాయన వేపచెట్టు కింద మంచం మీద పడుకుని ఉన్నాడు. మస్తాన్ చెప్పింది విని కాసేపు గుర్తు చేసుకుని, "ఆ రూపాయా? మా మనవరాలికి కాలిగజ్జెలు చేయించినాంలే" అన్నాడు. "గజ్జెలు మంచివే వచ్చినాయి." భార్యను పిలిచి, వచ్చినాయనకు మజ్జిగ ఇమ్మన్నాడు. మస్తాన్ రెండు లోటాలు తాగాడు. ఆ పంతులుకు కోపం ఎందుకు రాలేదో తిరుగు బస్సులో తాడిపత్రి దాకా ఆలోచించాడు.

రెండోది చిలమత్తూరులో. మే నెల. హిందూపురం దాకా రైలు, తర్వాత బస్సు. బస్టాండు ఎదురుగా ఎరువుల అంగడి నడుపుతున్న ఆయన విషయం వినేసరికి కుర్చీలోంచి లేచాడు.

"దాన్ని నేను పదేండ్ల కింద ఒక బెంగళూరాయనకు అమ్మినా. రెండింతలకు అమ్మినా. ఇప్పుడొచ్చి నువ్వు చెప్తే, నేను పోయి ఆయన ముందర నిలబడల్లనా?"

"నేనే పోతా అన్నా. పేరు చెప్పు."

"పేరు చెప్పను. మళ్ళీ ఈ పక్క రావద్దు. నీ మనసు తేలిగ్గావాలని ఆ బరువు ఊళ్ళో అందరి మెడకూ కడతాండావా?"

మస్తాన్ బయటకొచ్చి బస్టాండు నీడలో కూర్చున్నాడు. అంగడాయన అన్నదాంట్లో తప్పేముంది అనిపించింది. బస్సు గంటన్నరకు వచ్చింది. కూర్చోవడానికి చోటు లేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి కాళ్ళు రెండూ వాచాయి. దాదాబీ చెంబుతో నీళ్ళిచ్చింది.

"దొరికినాడా?"

"దొరికినాడు. మళ్ళీ రావద్దన్నాడు."

"ఇంకా నలుగురుండారు కదా?"

"ఉండారు. యాడుండారో, ఎవరో."

దాదాబీ ఆయన పాదాల మీద వేలితో నొక్కి చూసింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది.

"రేపు ఎవరొచ్చినా నువ్వు లేవని చెప్తా," అంది. "పడుకో."

మస్తాన్ చొక్కా విప్పి, చాప మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పక్కింట్లో మగ్గం ఆడుతూనే ఉంది.